‘బిగ్ షాక్’ హెడ్డింగుల మధ్య స్పోర్ట్స్ వార్తల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: సన్‌రైజర్స్ అభిమానిని. నితీశ్ కుమార్ రెడ్డి టీమ్‌ను వదిలేస్తున్నాడని పేరున్న వెబ్‌సైట్‌లోనే చదివి మా గ్రూపులో పెట్టాను (ఆ లింకు మీకూ పంపుతున్నాను). తర్వాత నితీశే అది నిజం కాదన్నాడు. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. మా నాన్నగారు ‘పేపర్లో వచ్చిందంటే నిజమే’ అంటారు. నాకేమో ఇప్పుడు స్కోరు తప్ప ఏదీ నమ్మబుద్ధి కావట్లేదు. పెద్ద సంస్థల స్పోర్ట్స్ వార్తల్ని అసలు నమ్మొచ్చా?

జవాబు: నమ్మొచ్చు. కాకపోతే సంస్థ పేరు చూసి కాదు, ఆ వార్త ఎక్కడ పుట్టిందో చూసి నమ్మాలి.

పదిహేడేళ్లు తెలుగు స్పోర్ట్స్ డెస్కుల్లో పనిచేశాను. తొమ్మిదేళ్లు దినపత్రికలో, ఎనిమిదేళ్లు వెబ్‌సైట్లలో. మీకు కోపం తెప్పించిన హెడ్డింగ్ లాంటివి నేనూ పెట్టాను, జూనియర్లు పెట్టినవి ఓకే చేశాను. అందుకని లోపల జరిగేది ఉన్నదున్నట్టు చెబుతాను.

పేపర్లో హెడ్డింగ్ పని వేరు, సైట్‌లో హెడ్డింగ్ పని వేరు. పేపర్ కొన్నవాళ్లు పొద్దున్నే డబ్బులిచ్చేశారు. స్పోర్ట్స్ పేజీ తిప్పేసరికి ఇక వాళ్లని ఆశపెట్టాల్సిన పని లేదు. జరిగింది చెప్పాలి, వీలైతే అందంగా చెప్పాలి. మ్యాచ్ రాత్రి పదకొండున్నరకు అయిపోతే పన్నెండున్నరకు పేజీ వదిలేయాలి. ఆ గంటలో ప్రాస కుదిరే నాలుగు మాటల కోసం ముగ్గురం తలలు పట్టుకునేవాళ్లం. తెలుగు పేపర్ల స్పోర్ట్స్ పేజీకి ఆ సరదా ముందునుంచీ ఉంది. సైట్‌లో అలా కుదరదు. అక్కడ ప్రతి వార్తా ఒక విడి కొట్టు. మీరు తలుపు తీసి లోపలికొస్తేనే యాడ్ కనిపిస్తుంది, యాడ్ కనిపిస్తేనే పైసలు. ఫోన్లో గూగుల్ తనంతట తానే వార్తలు చూపించే డిస్కవర్ కార్డు మీద ఒక ఫొటో, ఒక హెడ్డింగ్, సైట్ పేరు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. ‘ఫలానా బౌలర్ మడమ నొప్పితో తొలి మ్యాచ్ ఆడడు’ అని అక్కడే చెప్పేస్తే ఇంకెవరు నొక్కుతారు? అందుకని పేరు దాచేస్తారు.

మన భాషలో పేరు దాచడానికి ఒక్క అక్షరం చాలు: ‘ఆ’. ‘సన్‌రైజర్స్‌కు భారీ షాక్.. ఆ స్టార్ దూరం!’ ఈ హెడ్డింగ్‌లో తెలిసిందేమిటో చెప్పండి. ఎవరో తెలియదు. ఎన్ని మ్యాచ్‌లకో తెలియదు. ‘దూరం’ అంటే గాయమా, విశ్రాంతా, వేలంలోకి పంపేశారా అనేదీ తెలియదు. మీ మనసు మాత్రం మీకు బాగా ఇష్టమైన ప్లేయర్ దగ్గరికి పోతుంది. నొక్కి చూస్తే అప్పటిదాకా తుది జట్టులోనే లేని ఒక విదేశీ పేసర్. ఇందులో అబద్ధం ఏదని అడిగితే డెస్కులో ఎవరూ చూపించలేరు. చిక్కంతా అక్కడే. 2016 ఆగస్టులో ఫేస్‌బుక్ ఇలాంటి హెడ్డింగులకు రీచ్ తగ్గిస్తామని ప్రకటించినప్పుడు రెండు గుర్తులు చెప్పింది. ఒకటి, తెలుసుకోవాల్సిన విషయం దాచడం. రెండోది, ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపడం. మేం ‘ఏం జరిగిందో తెలిస్తే’ అనే తోక తీసేసి ‘ఆ’ పెట్టుకున్నాం, అంతే.

‘ఆ’ కంటే నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇంకోటుంది: ‘తెలుస్తోంది’. ఎవరికి తెలుస్తోంది? కర్త లేని మాట అది. నేను పేపర్లో చేరిన కొత్తలో ‘తెలిసింది’ అని రాయాలంటే మా ఇన్‌ఛార్జ్ రిపోర్టర్‌కు ఫోన్ చేసి ‘ఎవరు చెప్పారు, నీతో నేరుగా అన్నారా?’ అని అడిగేవారు. పేరు పేజీలో వేయకపోయినా ఆయనకు మాత్రం తెలియాల్సిందే. సైట్‌లోకి వచ్చాక చూస్తే ‘తెలుస్తోంది’ అంటే పక్క సైట్‌లో చదివామని అర్థం. పక్క సైట్ వాళ్లు ఇంగ్లిష్ సైట్‌లో చదివారు. ఆ ఇంగ్లిష్ సైట్ వాళ్లు ఎవరో అభిమాని పెట్టిన పోస్టు చూశారు. నలుగురు రాశారు కదా నిజమే అయ్యుంటుందని మీరనుకుంటారు. కానీ ఆ నాలుగింటికీ నీళ్లు ఒక్క బావిలోవే.

మాజీ ఆటగాళ్ల యూట్యూబ్ షోల వార్తలు కూడా ఇలాగే తయారవుతాయి. నలభై నిమిషాల వీడియో. అందులో ఒక మాజీ క్రికెటర్ ‘అతను ఇంకా రెండేళ్లు ఆడగలడు, కాకపోతే ఫిట్‌నెస్ చూసుకోవాలి, లేదంటే కష్టం’ అన్నాడనుకోండి. ‘లేదంటే కష్టం’ ముక్క ఒక్కటే క్లిప్ అవుతుంది. దాన్ని బట్టి ఇంగ్లిష్‌లో వార్త వస్తుంది. దాన్ని బట్టి తెలుగులో ‘అతని పని అయిపోయింది.. మాజీ స్టార్ షాకింగ్ కామెంట్స్’ అవుతుంది. వీడియో మొత్తం విన్నవాళ్లు ఈ వరుసలో ఒక్కరూ ఉండరు. షిఫ్టుకు పది పన్నెండు ఐటమ్స్ ఇవ్వాల్సిన కుర్రాడికి నలభై నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి? నేను కోప్పడితే ‘సార్, విని రాస్తే రోజుకు నాలుగే వస్తాయి’ అన్నాడు ఒకబ్బాయి. అతను చెప్పింది నిజం. నేను మాట్లాడలేకపోయాను.

నా చేతుల మీదుగా జరిగిన తప్పు ఒకటి చెప్పాలి. 2020 నవంబరు 2, సోమవారం. కొవిడ్ వల్ల ఐపీఎల్ తప్ప మిగతా ఆటలు సరిగా లేవు, డెస్కులో వాటి వార్తలకు కరువు. పి.వి.సింధు సోషల్ మీడియాలో కొన్ని పేజీల పోస్టు ఒకటి పెట్టారు. మొదటి పేజీలో పెద్దక్షరాలతో, డెన్మార్క్ ఓపెన్‌తో ఇక చాలు, ‘ఐ రిటైర్’ అని ఉంది. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని నేనే. ‘సార్, సింధు రిటైర్మెంట్!’ అని అరుపు వినబడగానే ‘కొట్టెయ్’ అన్నాను. నోటిఫికేషన్ వెళ్లిపోయింది. ఆ పోస్టుకు ఇంకా పేజీలున్నాయి. వాటిలో ఆవిడ చెప్పింది ఏమిటంటే, తను రిటైరవుతున్నది ఆట నుంచి కాదు. ఈ అశాంతి నుంచి, భయం నుంచి, అనిశ్చితి నుంచి, వైరస్ పట్ల నిర్లక్ష్యం నుంచి అని. కాసేపు కంగారు పెట్టి ఉంటానని కూడా ఆవిడే రాశారు. అప్పటి క్రీడామంత్రి కిరణ్ రిజిజు సైతం చిన్న షాక్ ఇచ్చారంటూ స్పందించారు. మేం ఆ పేజీలు చదివేసరికి మా నోటిఫికేషన్ ఎన్ని ఫోన్లలో మోగిందో. పావుగంటలో నాకు తెలిసిన ఒక బ్యాడ్మింటన్ కోచ్ విజయవాడ నుంచి ఫోన్ చేశారు. ‘మా దగ్గర ఆడపిల్లలు ఏడుస్తున్నారండీ, ఇది నిజమేనా?’ అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. నిజమేనా అని నన్నడిగారు, నాకు తెలుస్తుందన్న నమ్మకంతో. ఆ ఫోన్ కాల్ ఇప్పటికీ మర్చిపోలేదు.

సింధు కూడా ఆ పోస్టును క్లిక్‌బైట్ (నొక్కించడానికి ఊరించే హెడ్డింగ్) లాగానే రాశారు కదా అని కొందరన్నారు. నిజమే, ఆ ఎత్తు మా దగ్గరిదే. కానీ మొత్తం చదివి జనానికి చెప్పడం మా ఉద్యోగం, ఆవిడది కాదు. పైగా అంతకు రెండు వారాల ముందే, ఆవిడ ఇంట్లో గొడవపడి లండన్ వెళ్లిపోయారని వార్తలొచ్చాయి. పోషకాహారం, రికవరీ కోసం అక్కడి స్పోర్ట్స్ సైన్స్ సంస్థతో పనిచేయడానికి తల్లిదండ్రుల అంగీకారంతోనే వచ్చానని, కోచ్ గోపీచంద్‌తో గానీ అకాడమీతో గానీ గొడవల్లేవని, ఇలాగే రాస్తే కోర్టుకు వెళ్తానని ఆవిడ పోస్టు పెట్టాల్సి వచ్చింది. ఒక ఒలింపిక్ పతక విజేతకు తన ఇంటి గురించి ఇంత సంజాయిషీ రాసుకోవాల్సిన గతి పట్టించాం. ‘ఐ రిటైర్’ అన్న తొమ్మిది నెలలకు, 2021 ఆగస్టు 1న, టోక్యోలో ఆవిడ కాంస్యం గెలిచారు.

ధోనీ సంగతి మీకు తెలిసిందే. 2018 జులై 17న లీడ్స్‌లో ఇంగ్లండ్‌తో మూడో వన్డే ఓడిపోయాక, మైదానం వదిలి వస్తూ అంపైర్ల దగ్గర బంతి తీసుకున్నాడు. కొన్ని సెకన్ల వీడియో అది. జ్ఞాపకంగా తీసుకున్నాడు కాబట్టి రిటైర్మెంటే అని దేశమంతా రాసేసింది. బంతి ఎంత అరిగిందో బౌలింగ్ కోచ్ భరత్ అరుణ్‌కు చూపించడానికి తీసుకున్నాడని కోచ్ రవిశాస్త్రి చెప్పాకే ఆ గోల ఆగింది. 2019 సెప్టెంబరులో కోహ్లీ 2016 ప్రపంచకప్ నాటి ఫొటో ఒకటి పెట్టి ధోనీని మెచ్చుకుంటే మళ్లీ అదే గోల. మన గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్ అప్పుడు చీఫ్ సెలెక్టర్. అలాంటిదేమీ లేదని ఆయన చెప్పాల్సి వచ్చింది. ధోనీ నిజంగా వీడ్కోలు పలికింది 2020 ఆగస్టు 15న, ఇన్‌స్టాగ్రామ్‌లో. లీడ్స్ బంతికి, ఆ పోస్టుకు మధ్య రెండేళ్లకు పైనే ఉంది.

ఇలాంటివి చదివి మీలాంటివాళ్లు ‘ఇదంతా అబద్ధాల మీడియా’ అనుకుంటారు. నేను ఒప్పుకోనిది ఈ మాట ఒక్కటే. ఎందుకో 2021లో కోహ్లీ కెప్టెన్సీ వ్యవహారం చూస్తే తెలుస్తుంది.

ఆ సెప్టెంబరు 13న ఒక ఇంగ్లిష్ దినపత్రికలో వార్త వచ్చింది: టీ20 ప్రపంచకప్ తర్వాత కోహ్లీ తెల్లబంతి (వన్డే, టీ20) కెప్టెన్సీ వదులుకుంటాడు, రోహిత్ వస్తాడు అని. అదేరోజు భారత క్రికెట్ బోర్డు కోశాధికారి అరుణ్ ధుమాల్ అదంతా చెత్త అని కొట్టిపారేశారు. కామెంట్లలో జనం ఆ పేపర్‌ను ఆడుకున్నారు. ‘మళ్లీ క్లిక్‌బైట్’, ‘మీకు వేరే పని లేదా’. మూడో రోజుకల్లా, సెప్టెంబరు 16న, ప్రపంచకప్ తర్వాత టీ20 కెప్టెన్సీ వదిలేస్తున్నానని కోహ్లీయే ప్రకటించాడు. డిసెంబరు 8న వన్డే కెప్టెన్సీ కూడా బోర్డు తీసేసి రోహిత్‌కు ఇచ్చింది. అంటే వన్డేలది కోహ్లీ తానుగా వదులుకోకపోయినా, ఆ రిపోర్టర్ రాసినట్టే మూడు నెలల్లో రెండు కెప్టెన్సీలూ చేతులు మారాయి. అంతటితో అయిపోలేదు. టీ20 కెప్టెన్సీ వదలొద్దని కోహ్లీని అడిగామని అప్పటి బోర్డు అధ్యక్షుడు గంగూలీ చెప్పారు. డిసెంబరు 15న దక్షిణాఫ్రికా వెళ్లబోతూ ప్రెస్‌మీట్‌లో కోహ్లీ, నన్నెవరూ వదలొద్దని అడగలేదన్నాడు; సెలెక్షన్ మీటింగ్‌కు గంటన్నర ముందు ఫోన్ చేశారని, చివర్లో వన్డే కెప్టెన్‌గా నువ్వుండవని చెప్పారని బయటపెట్టాడు. బోర్డు అధ్యక్షుడి మాట, కెప్టెన్ మాట ఎదురెదురుగా నిలబడ్డాయి.

రోజుకు పది ‘షాక్’లు చూసిన జనానికి పదకొండోది నిజమైనా పట్టదు. అప్పుడు బోర్డులో కూర్చున్న పెద్దమనిషి ‘అంతా చెత్త’ అంటే చాలు, అందరూ ఆయన్నే నమ్ముతారు. క్లిక్‌బైట్ వల్ల పాఠకుడి టైమ్ వృథా కావడం చిన్న నష్టం. నిజంగా తవ్వి తెచ్చిన వార్త కూడా అదే బురదలో పడిపోవడం, అధికారంలో ఉన్నవాళ్లకు తప్పించుకోవడానికి ఒక రెడీమేడ్ మాట దొరకడం, నా దృష్టిలో ఇది పెద్ద నష్టం. ఖండన వచ్చింది కాబట్టి వార్త అబద్ధం అనుకోకండి. నితీశ్ విషయంలో ఖండించింది స్వయంగా ఆ ఆటగాడే, తన అకౌంట్ నుంచే. కోహ్లీ విషయంలో ఖండించింది దాచుకోవాల్సిన విషయం ఉన్న బోర్డు. ఈ రెండూ ఒకటి కావు.

ఆటగాడి మాటకూ ఒక హద్దుంది. 2025 మార్చి 9న దుబాయ్‌లో చాంపియన్స్ ట్రోఫీ గెలిచాక రోహిత్ తనంతట తానే, పుకార్లు రాకూడదని చెబుతున్నా, ఈ ఫార్మాట్ నుంచి రిటైరవడం లేదన్నాడు. ఈ ఫార్మాట్ అంటే వన్డేలు. మే 7న టెస్టుల నుంచి తప్పుకున్నాడు. అప్పుడు ‘మాట తప్పిన రోహిత్’ అని కొన్ని చోట్ల కనబడింది. అతను తప్పలేదు, ఫార్మాట్ అన్న మాటను హెడ్డింగ్ మింగేసింది. అదే వారంలో, కోహ్లీ టెస్టులు వదిలేస్తానని బోర్డుకు చెప్పాడని ఒక ఇంగ్లిష్ పేపర్ మే 10న రాసింది. 12న కోహ్లీ ప్రకటించాడు. అలా ముందుగా రాసిన వార్త నిజమైనప్పుడు బైలైన్ (రాసినవాళ్ల పేరు వేసే లైన్) చూసి ఆ పేరు గుర్తుపెట్టుకోండి. నేను అలా ఏడెనిమిది మంది పేర్లు గుర్తుపెట్టుకున్నాను. వాళ్లు సంస్థ మారినా వాళ్ల వెనకే వెళ్లి చదువుతాను.

తొందర వల్ల జరిగే ఘోరం వేరే. 2023 ఆగస్టు 23న జింబాబ్వే మాజీ కెప్టెన్ హీత్ స్ట్రీక్ చనిపోయాడని అతని పాత సహచరుడు హెన్రీ ఒలోంగా పోస్టు పెట్టాడు. ప్రపంచమంతా రాసేసింది. కొద్ది గంటల్లోనే స్ట్రీక్ బతికే ఉన్నాడని, తనకే మెసేజ్ పెట్టాడని ఒలోంగా సరిదిద్దాడు. క్యాన్సర్‌తో పోరాడుతున్న మనిషి తన చావు వార్త తానే చదువుకున్నాడు. సెప్టెంబరు 3న నిజంగానే కన్నుమూశాడు, 49 ఏళ్లకు. ఇక్కడ ఎవరూ కావాలని మోసం చేయలేదు. ఇంటివాళ్లకు ఒక్క ఫోన్ చేయలేదు, అంతే.

మరి నమ్మదగింది ఎలా ఉంటుందంటారా? 2022 సెప్టెంబరు 22 గుర్తు తెచ్చుకోండి. భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం సికింద్రాబాద్ జింఖానా మైదానం దగ్గర తొక్కిసలాట జరిగింది. పొద్దున్నుంచీ ఆ క్యూల దగ్గర నిలబడ్డ రిపోర్టర్లు రాసిన వార్తల్లో ‘తెలుస్తోంది’ లేదు. ఎన్ని కౌంటర్లు తెరిచారు, గేటు ఎప్పుడు తీశారు, ఎవరిని ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు, పోలీసులు ఏమన్నారు, అసోసియేషన్ వాళ్లు ఏమన్నారు అని ఉంది. హైదరాబాద్ క్రికెట్ సంఘం (హెచ్‌సీఏ) గురించి అలాంటి వార్తలు ఏళ్ల తరబడి స్పోర్ట్స్ పేజీల్లో వస్తూనే ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సంఘం వ్యవహారాలు చూడటానికి జస్టిస్ ఎల్.నాగేశ్వరరావుతో ఏకసభ్య కమిటీ వేసేదాకా వెళ్లింది. ఆ వార్తలు రాసినవీ ఈ పెద్ద సంస్థలే. మేం డెస్కులో హెచ్‌సీఏ ఐటమ్ పెట్టినప్పుడల్లా క్లిక్స్ రాలేదని మీటింగ్‌లో అడిగేవాళ్లు. ఎవరో క్రికెటర్ కొత్త హెయిర్‌స్టైల్ ఐటమ్ దానికంటే పైన ఉండేది. అందులో మీవీ, నావీ వేళ్లున్నాయి.

ఇప్పుడు మీరు పంపిన లింకు సంగతి. దాన్ని తెరిచి చదివాను. బైలైన్ లేదు, ‘స్పోర్ట్స్ డెస్క్’ అని ఉంది. మొత్తం ఐటమ్‌లో ‘తెలుస్తోంది’ నాలుగుసార్లు, ‘టాక్’ రెండుసార్లు. నితీశ్‌తో గానీ ఫ్రాంచైజీతో గానీ మాట్లాడినట్టు ఒక్క వాక్యం లేదు. ఈ మూడూ హెడ్డింగ్‌లో కనబడవు, లోపల అర నిమిషంలో కనబడతాయి. మోకాలి గాయంతో ఇంగ్లండ్ టూర్ మధ్యలో తిరిగొచ్చిన ఇరవై రెండేళ్ల కుర్రాడు, 2025 జులైలో, చుట్టూ గోలకు దూరంగా ఉందామనుకున్నా కొన్నింటికి స్పష్టత ఇవ్వక తప్పట్లేదని, సన్‌రైజర్స్‌తోనే ఉంటానని రాసుకోవాల్సి వచ్చింది. ఆ సైట్ వాళ్లు ఏం చేశారో తెలుసా? హెడ్డింగ్ అలాగే ఉంచి, అడుగున ‘ఈ వార్తలను నితీశ్ ఖండించాడు’ అని ఒక లైన్ చేర్చారు. సవరించామన్న మాట ఎక్కడా లేదు.

దీనికి ఒక దారుంది. చాలామందికి తెలియదు. సైట్ అడుగుకు వెళ్తే ‘గ్రీవెన్స్’ అనో ‘ఫిర్యాదులు’ అనో లింకు ఉంటుంది. 2021 ఐటీ (సమాచార సాంకేతిక) నిబంధనల తర్వాత ఇవి వచ్చాయి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని, 15 రోజుల్లో తేల్చాలని వాటిలో రాసుంది. ఆ నిబంధనల్లో కొన్నింటిపై బాంబే హైకోర్టు స్టే ఇచ్చింది కాబట్టి అంతా పక్కాగా జరుగుతుందని హామీ ఇవ్వలేను. కానీ ఆ మెయిల్ ఎవరో ఒకరు చదువుతారు. మా సైట్‌లో అలాంటి మెయిల్ వస్తే అది నేరుగా ఎడిటర్ దగ్గరికి వెళ్లేది, ఆయన ఆ ఐటమ్ ఎవరు రాశారని అడిగేవారు. కామెంట్లలో వంద తిట్లు పడ్డా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. కామెంట్లు కూడా రీచ్ పెంచేవే మరి. పేపర్ విషయమైతే, హెడ్డింగ్ కింద ఉన్న విషయానికి తగ్గట్టే ఉండాలని, రెచ్చగొట్టేలా ఉండకూడదని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో స్పష్టంగా ఉంది. మెయిల్‌లో ఆ మాట ప్రస్తావించండి.

నిన్న రాత్రి ఆ సైట్‌కు నేను రాశాను. తిట్లు లేకుండా, మూడే విషయాలు: హెడ్డింగ్ ఇది, నితీశ్ రాసింది ఇది, హెడ్డింగ్ మార్చి సవరణ అని వేయండి. లింకు, స్క్రీన్‌షాట్ జత చేశాను. మీరూ ఒకటి పంపండి. మీ నాన్నగారికి స్మార్ట్‌ఫోన్ ఉంటే ఆయన పేరుతో ఇంకోటి.